పోపు మానేసిన చలికాలం

మా అమ్మ నా పెట్టెలో బట్టలకంటే ముందు రోలు పెట్టింది. పెద్దదేమీ కాదు, రెండు పాదాల మధ్య పట్టేంత ఇనుప రోలు, దానికో పొట్టి రోకలి. విమానంలో ఇంతే బరువు తీసుకుపోనిస్తారు, ఇది పెడితే స్వెట్టర్లు పట్టవు అని నేను మొత్తుకుంటూనే ఉన్నాను.

"స్వెట్టరు ఆడ గూడ దొరుకుతది. రోలు దొరుకుతదా?" అంది అమ్మ.

"మిక్సీ కొనుక్కుంటనే."

"మిక్సీల ఏస్తె పల్లీలు నూనె ఇడిసి ముద్దయితయి. దాన్ని కారం అంటరా ఎవరన్న?"

మాది బిజినేపల్లి దగ్గర ఊరు. చేనులో పల్లి వేస్తాం. కూర ఉన్నా లేకున్నా పల్లికారం ఉంటే మా ఇంట్లో పూట గడిచిపోతుంది. అందుకని అమ్మతో వాదించి గెలవడం నావల్ల కాలేదు. నాగర్‌కర్నూల్‌లో ముచ్చటపడి కొనుక్కున్న మెరూన్ స్వెట్టరు మంచం మీదే ఉండిపోయింది. రోలు జర్మనీకి వచ్చింది.

నేను చదివిన ఊరు చిన్నది. అక్కడ ఒక పాత బిల్డింగులో మూడో అంతస్తులో ముగ్గురం ఆడపిల్లలం ఒక పెద్ద గది, ఒక వంటగది పంచుకున్నాం. ఒకామె గద్వాల దగ్గర ధరూర్ పక్క పల్లె నుంచి వచ్చింది. అమ్మానాన్నలు పూణేలో, ముంబైలో బిల్డింగు పనులకు తిరిగి చదివించారు. ఇంకొకామె వనపర్తి పట్నం పిల్ల, బడిపంతులు బిడ్డ, నోరు చురుకు. మన దగ్గర ఉన్నన్నాళ్లూ ఈ మూడూళ్లవాళ్లం ఒకరినొకరం మీది వేరు, మాది వేరు అనుకుంటాం. అక్కడికి పోయాక మేం ముగ్గురం ఒకే తల్లి పిల్లలమయ్యాం. కొట్లాటలు కూడా అలాగే ఉండేవి.

కొట్లాట ఎక్కువగా పచ్చిపులుసు మీదే. వనపర్తి పిల్ల అందులో బెల్లం వేస్తుంది. నేను వెయ్యనివ్వను. గద్వాల పిల్ల మా ఇద్దరినీ పక్కకు నెట్టి, మిరపకాయ మంట మీద కాల్చి ఉల్లిగడ్డతో నలిపి పోసేది. "సాకు, ఇగ లొల్లి ఆపుండ్రి" అనేది. వాళ్ల ఊరు కన్నడ దేశానికి దగ్గర కాబట్టి చాలు అనడానికి ఆమెకు సాకే వచ్చేది. తిన్నాక మేం నోరు మూసుకునేవాళ్లం. నిజం ఒప్పుకోవాలి కదా, ముగ్గురిలో వంట ఆమెదే.

ఖర్చు తగ్గించుకోవడం మాకు ఎవరూ నేర్పనక్కర్లేదు, అది పుట్టుకతో వచ్చిన విద్య. బియ్యం పెద్ద సంచి కొని ముగ్గురం మోసుకొచ్చేవాళ్లం. ఎర్రపప్పు టర్కీ వాళ్ల దుకాణంలో చవక. అన్నిటికంటే చవకైంది క్యాబేజీ. క్యాబేజీ పప్పు, క్యాబేజీ వేపుడు, క్యాబేజీ పచ్చడి, ఆఖరికి క్యాబేజీ ఉప్మా. దుకాణం మూసే ముందు పోతే మెత్తబడిన టమాటలు సగం ధరకు ఇచ్చేవారు. పాలు కొని హీటరు పక్కన తోడు పెట్టుకునేవాళ్లం. జొన్నపిండి దొరకలేదని గద్వాల పిల్ల మొదట్లో అలిగి కూర్చుంది, తర్వాత గోధుమపిండినే తట్టి రొట్టెలు చేసి, ఇవి రొట్టెలు కాదు, రొట్టెల ఫోటోలు అనేది. మొత్తం మీద కడుపునిండా తిన్నాం. ఎంత చవకైన తిండికైనా రెండు ఎండుమిరపకాయలు, నాలుగు ఆవాలు, వెల్లుల్లి కలిపి పోపు పడితే అది మన ఇంటి తిండే.

ఇదంతా ఆ ఇల్లు ఉంటేనే. ఆ ఊళ్లో అంత తక్కువ కిరాయికి ఇంకో ఇల్లు లేదు. బయట తిని చదువుకునే స్తోమత మా ముగ్గురిలో ఎవరికీ లేదు. వనపర్తి పిల్ల తండ్రి అయితే ముందే చెప్పి పంపాడు, ఖర్చులకు ఎల్లకపోతే తిరిగొచ్చెయ్ అని. ఆ వంటగది పోతే చదువు పోయినట్టే అని మా ముగ్గురికీ తెలుసు.

అలాంటి రోజుల్లో ఒక సోమవారం బిల్డింగు చూసుకునే పెద్దాయన తలుపు కొట్టాడు. తెల్ల మీసాలు, చేతిలో తాళాల గుత్తి. ఆయనకు ఇంగ్లీషు కొంచెం, మాకు జర్మన్ ఇంకా కొంచెం. మీమీద కంప్లైంట్ వచ్చింది అన్నాడు. ఆయన మాట ఇంకా పూర్తి కానేలేదు, మేం ముగ్గురం వరసగా సారీ సార్, సారీ సార్ అని అందుకున్నాం. ఇంకోసారి జరగదు సార్ అని నేను చేతులు కూడా జోడించాను. ఆయన కాసేపు మమ్మల్ని చూసి, మళ్లీ మళ్లీ వస్తే ఆఫీసుకు చెప్పాల్సి ఉంటుంది, వాళ్లు ఇల్లు ఖాళీ చేయిస్తారు అని చెప్పి దిగిపోయాడు.

దేనిమీద కంప్లైంట్ అని మాలో ఒక్కరం అడగలేదు. మా పక్క ఇది అలవాటు. పెద్దమనిషి ఎవరైనా గొంతు పెంచితే ముందు తప్పయింది సార్ అంటాం, ఏం తప్పో ఇంటికొచ్చాక ఆలోచిస్తాం. మా నాయన అట్లనే అన్నాడు, వాళ్ల నాయన అట్లనే అన్నాడు. చదువుకున్నాం కదా మేం వేరు అనుకున్నాం. ఏం వేరు కాదు.

తలుపు వేసుకుని ఆలోచించాం. పెద్దగా ఆలోచించే పని కూడా పడలేదు.

"ఇంకేంది, పోపే" అంది వనపర్తి పిల్ల. "మిరపకాయ మాడ్తె మనకే దగ్గొస్తది. వాళ్లకు రాదా?"

"నా బట్టలల్ల గూడ వాసనొస్తుంది. క్లాసుల నా పక్కన ఎవరు కూసుంటలేరు" అన్నాను నేను. నిజానికి క్లాసులో అందరూ దూరం దూరంగానే కూర్చునేవారు. అది అప్పుడు తట్టలేదు.

ఆ రోజు నుంచి పోపు బంద్. మిరపకాయ కాల్చడం బంద్, వెల్లుల్లి వేయించడం బంద్. పప్పు ఉడికించి ఉప్పేసుకుని తిన్నాం. క్యాబేజీ ఉడికించి తిన్నాం. పథ్యం తిండి జ్వరమొచ్చినవాడికే బాగుండదు, ఏ రోగం లేనివాళ్లకు ఇంకెలా ఉంటుంది? గద్వాల పిల్ల పళ్లెం ముందు కూర్చుని ప్రార్థన చేసుకుని, ఈ తిండికి గూడ థ్యాంక్స్ చెప్పాల్నా దేవా అని గట్టిగానే అడిగేది. నవ్వేవాళ్లం, కానీ పళ్లెంలో సగం మిగిలిపోయేది. నేను చిక్కిపోయాను. వీడియో కాల్‌లో అమ్మ కనిపెట్టకుండా ఫోన్ దూరంగా పెట్టి మాట్లాడేదాన్ని.

మిగిలిన ఒకే ఒక్క సుఖం పల్లికారం. అక్కడ చలికాలంలో పొట్టుతోనే వేయించిన పల్లీలు సంచులకు సంచులు చవకగా అమ్ముతారు. కొత్తగా వేయించే పని లేదు కాబట్టి వాసన లేదు. ఆదివారం ముగ్గురికీ తీరిక. పొద్దున్నే టీ తాగి, పల్లీలు ఒలుచుకుని, నేను కింద చతికిలబడి రెండు పాదాల మధ్య రోలు పట్టుకుని దంచేదాన్ని. మిగతా ఇద్దరూ వంతులు అందుకునేవాళ్లు. వారానికి సరిపడా దంచి సీసాలో పోసుకునేవాళ్లం. ఉప్పు పప్పు తిన్న కోపమంతా ఆ రోకలి మీదే చూపించాం. పోపు మానేశాక దంచుడు ఇంకా ఎక్కువైంది.

పెద్దాయన మళ్లీ వచ్చాడు, మళ్లీ సోమవారమే. మళ్లీ కంప్లైంట్ అన్నాడు. మేం మళ్లీ సారీ సార్ అన్నాం. ఈసారి ఆయన ముఖం చిట్లించాడు. ఇంకొకసారి వస్తే నా చేతిలో ఏమీ ఉండదు అన్నాడు.

వనపర్తి పిల్ల ఆ సాయంత్రం ఏడ్చింది. "ఇంటికి పోత. ఉప్పు తిన్నా గూడ వాసనొస్తుందంటె ఇగ నేను చెయ్యనీకె ఏమున్నది?" అంది. ఉల్లిగడ్డ కోయడం కూడా మానేశాం. అన్నం, పెరుగు, పల్లికారం. అంతకంటే తగ్గించడానికి ఇంకేమీ మిగల్లేదు.

తర్వాతి ఆదివారం నేను దంచుతుండగానే తలుపు చప్పుడైంది. నేనే తీశాను, రోకలి చేతిలోనే ఉంది. పెద్దాయన. ఆయన నోరు తెరిచేలోపే వనపర్తి పిల్ల మంచం మీద కూలబడింది. అయిపోయింది అనుకున్నాను. ఎందుకో ఈసారి నాకు సారీ రాలేదు. ఒళ్లు మండింది. పొయ్యి మీది గిన్నె మూత తీసి, రెండో చేత్తో ఆ గిన్నె తెచ్చి ఆయన ముక్కు కిందే పెట్టాను.

"చూడండి సార్. ఒట్టి అన్నం. నూనె లేదు, మిరపకాయ లేదు, ఉల్లిగడ్డ కూడా లేదు. ఇంకా ఏం వాసన వస్తుంది సార్ మా దగ్గర? మేమేం తినాలి, చెప్పండి" అని వచ్చిన ఇంగ్లీషంతా కుమ్మరించాను.

ఆయన గిన్నె వంక చూశాడు. నా వంక చూశాడు. వాసనా అన్నాడు. ఏ వాసన అన్నాడు. ఆ తర్వాత నా చేతిలోని రోకలి వైపు వేలు చూపించి, కాలితో నేల మీద ధన్ ధన్ ధన్ అని తన్నాడు. కిందింటి ముసలామెకు తల మీద ఇల్లు కూలుతున్నట్టు ఉందట. ఈ దేశంలో ఆదివారం గోడకు మేకు కూడా కొట్టరట. వాసన గురించి ఈ బిల్డింగులో ఎవరూ, ఎప్పుడూ, ఒక్క మాట అనలేదట.

ముందు నవ్వింది గద్వాల పిల్ల. నేల మీద కూర్చుని కడుపు పట్టుకుని నవ్వింది. వనపర్తి పిల్ల ఏడుస్తూనే నవ్వింది. నేను గోడకు ఆనుకుని నవ్వాను. అంత తేలికగా నా జీవితంలో ఎప్పుడూ ఊపిరి పీల్చుకోలేదు. పెద్దాయనకు మేం ఎందుకు నవ్వుతున్నామో అర్థం కాక, తానూ కొంచెం నవ్వాడు. రోలు కింద దుప్పటి మడత వేసుకుని శనివారం పగటిపూట దంచుకుంటామని చెప్పాం. సరే అన్నాడు. ఆఫీసుకు చెప్పను, కిందావిడకు నేను చెప్పుకుంటాను అన్నాడు. నేనూ మర్నాడు కిందికి పోయి ఆమెకు క్షమాపణ చెప్పి వచ్చాను. ఈసారి దేనికి చెబుతున్నానో తెలిసి చెప్పాను.

ఆయన మెట్లు దిగుతుండగానే గద్వాల పిల్ల మూకుడు పొయ్యి మీద పెట్టింది. నూనె కాగింది, ఆవాలు చిటపటలాడాయి, మిరపకాయలు తుంచి వేసింది, వెల్లుల్లి నలగ్గొట్టి వేసింది. ఇల్లంతా ఘాటు. ముగ్గురం తుమ్ముకుంటూ, ఆ పోపు పెట్టిన చారు అన్నంలో పోసుకుని, వేళ్లు కాల్చుకుంటూ తిన్నాం. గిన్నె అడుగు దాకా తిన్నాం.

తింటుండగానే అమ్మ ఫోన్ చేసింది. దాచుకునేది ఏమీ లేదు కాబట్టి మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. అమ్మ నవ్వలేదు.

"గిన్ని దినాలు ఉప్పన్నం తిన్నరా బిడ్డా" అంది. "మీ తిండే కంపు కొడుతుందని మీకు ఎవరు చెప్పిండ్రు?"

ఎవరూ చెప్పలేదమ్మా అన్నాను.