ఎలుకలు తాగలేదు

మూడేళ్ల కిందట ఆర్మూర్ బస్టాండులో మా బాపు కూర్చున్నచోటే తూలుతున్నాడు. పసుపు కొమ్ము విరిచి రకం చెప్పే మనిషి, ఆ పూట నా పేరు చెప్పలేకపోయాడు.

"మళ్లా తాగినవా?" అని అందరి ముందూ కసిరాను.

పక్కన కూర్చున్న అమ్మాయి లేచి వచ్చింది. "పెద్దయ్యా, బస్సు ఆపినట్టు జర చెయ్యి చాపు."

చాచిన అరచెయ్యి నిలవలేదు, పడుతూ లేస్తూ కొట్టుకుంది.

"లివర్ ఖరాబైందా అక్కా?"

"అయింది. తాగుడు బంద్ చేసిన అంటడు. నేనైతే నమ్మ."

"మా ల్యాబ్‌ల ఎలుకల లివర్ చెడగొట్టి చూస్తం. లివర్ ఆపాల్సిన అమోనియా అనే విషం మెదడుకెక్కుతది. రోజూ పోయే తోవ మర్చిపోతయి, గిట్లనే తూలుతయి. అవి తాగలే గదక్కా. జల్ది దవాఖానకు తీస్కపో."

ఆమె బస్సు వచ్చింది, ఎక్కి వెళ్లిపోయింది.

ఆ పొద్దున ఇంట్లోనే బాపు నోరు వాసన చూశాను. ఏ వాసనా రాలేదు. అయినా కసిరాను.