మూడు అరల చెత్తపెట్టె

మా చెల్లెలి భర్త మందుల గోదాములో పర్యవేక్షకులు. ముప్పై ఏళ్లుగా అట్టపెట్టెల మీద చీటీలు అంటించడం ఆయన ఉద్యోగం. అది చాలదన్నట్టు ఇంట్లోనూ అదే పని. పప్పు డబ్బా మీద ‘పప్పు’ అనీ, స్విచ్చి మీద ‘స్విచ్చి’ అనీ చీటీ ఉన్న ఇల్లు నేనెరిగినంతలో అదొక్కటే. ఇరుగుపొరుగు వారు ఆయనను చీటీల మేస్త్రి అంటారు. అది బిరుదని ఆయన అభిప్రాయం.

తడి చెత్త, పొడి చెత్త వేరుచేయవలసిందనీ, పెట్టెను ఇంట్లోని పనికిరాని సామానుతోనే తయారుచేసుకోవచ్చుననీ పురపాలక సంఘం వారు కరపత్రం పంచారు. పనికిరాని అన్న మాటను ఆయన కన్ను దాటిపోయింది. బియ్యం పోసుకునే డ్రమ్మును నిలువునా కోశారు. బీరువా తలుపు బందులు ఊడదీసి మూతకు బిగించారు. లోపల మూడు అరలకు అట్టలు నిలబెట్టి, కాగితం, గాజు, ప్లాస్టిక్కు అని చీటీలు అంటించారు. కింద సైకిలు బ్రేకు తీగ కట్టి, దాని కొసన తమ చెప్పు ఒకటి తగిలించారు. చెప్పు తొక్కితే మూత లేవవలెను. తొక్కినప్పుడల్లా పెట్టె లేచేది, మూత కదిలేది కాదు. బీరువా తలుపు మాత్రం ఆనాటి నుండి గోడకు ఆనుకుని నిలబడి ఉన్నది.

“ఇంత పెట్టె చేశారు, మనింట్లో ఇందులో వేసేంత చెత్త ఏదండీ?” అని మా చెల్లెలు అడిగింది.

“నీకు కనపడదులే. చెత్తన్నది వెతికితే దొరుకుతుంది,” అన్నారు.

వెతికారు.

మా చెల్లెలు దర్జీ. ఆస్పత్రి నర్సులు పద్దెనిమిది మందికి సోమవారానికల్లా యూనిఫాంలు కుట్టి ఇవ్వవలసి ఉన్నది. సమయానికి అందిస్తే ఇకపై ఆస్పత్రి కుట్టుపని అంతా ఆమెకేనని పెద్ద నర్సు మాట ఇచ్చారు. ఇరవై ఏళ్లుగా చిరుగులకు అతుకులు వేసిన మనిషికి అది చిన్న మాట కాదు. ఒక్కొక్కరి కొలత పాత వార్తాపత్రికల మీద గీసి, కత్తిరించి, ‘ఎడమ భుజం వాలు’, ‘పొడుగు చేతులు’ అని పెన్సిలుతో రాసి, ఆ ముక్కలన్నీ తలుపు వెనుక మేకుకు గుచ్చుకున్నది. ఆమె కొలతలు దాచుకునే పద్ధతి అదే. వేరే పుస్తకం లేదు.

గురువారం ఉదయం చెత్తబండి ఆ కట్టను తీసుకుపోయింది. గుడ్డ పరిచి కత్తెర పట్టుకున్న తరువాత గాని ఆమెకు తెలియలేదు. నన్ను పిలిపించింది.

“తేదీ చూసే వేశాను బావగారూ,” అని ఆయన నాకు నింపాదిగా వివరించారు. “రెండేళ్ల కిందటి పేపర్లవి. మా గోదాములో తేదీ దాటిన సరుకు గంటసేపైనా ఉంచం.”

“పేపరు మీద పెన్సిలు గీత కనపడలేదా?” అన్నాను.

“పిల్లల రాతలనుకున్నాను.”

“మనకు పిల్లలెక్కడున్నారండీ?” అన్నది మా చెల్లెలు.

ఆ వాదన వారి నియమావళిలో లేదు.

చెత్త వేరుచేసే యార్డుకు ఆమెతో వెళ్లాను. కాగితమంతా అప్పటికే యంత్రం కింద నలిగి దిమ్మెలై ఉన్నది. అక్కడి నుండే ఆస్పత్రికి వెళ్లి మళ్లీ కొలతలు అడిగింది. సగం మంది సెలవులో ఉన్నారు. మిగిలినవారు డ్యూటీ దిగాక ఇద్దరిద్దరుగా, ఆస్పత్రికి దగ్గరైన మా ఇంటికి వచ్చి నిలబడ్డారు. కుట్టుమిషను కూడా మా ముందుగదికే చేరింది. సోమవారానికి తొమ్మిది పూర్తయ్యాయి. పెద్ద నర్సు ఆ తొమ్మిదీ తీసుకుని, మిగతావీ, ఇకముందువీ బజారులోని దుకాణానికి అప్పగించారు.

ఆ ఆదివారమే మేస్త్రిగారు వీధివారిని పిలిచి పెట్టె ప్రదర్శించారట. మంగళవారం మా ఇంటికి వచ్చి గుమ్మం బయట నిలబడ్డారు. తమ ఇంట్లో మిషను తీసిన మూల ఖాళీగా ఉన్నదనీ, అక్కడ తడి చెత్తకు మరొక పెట్టె సరిగ్గా పడుతుందనీ, టేపు పెట్టి కొలిచాననీ చెప్పారు.

మా చెల్లెలు పళ్ల మధ్యనున్న సూది తీసింది.

“పెట్టుకోండి. మిషను ఇక్కడే ఉంటుంది.”

“మరి నువ్వో?”

“పొద్దున ఇక్కడికి వస్తాను, పొద్దుగూకాక ఇంటికి పోతాను. మీరు మాత్రం ఈ గుమ్మం దాటి లోపలికి రాకండి. అన్నయ్యా, తలుపు వేసెయ్.”

వేశాను.