పన్నెండు బోరులో పసుపు తూటా

1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం వచ్చేనాటికి నేను కువైట్ సిటీలో ఒక వేట తుపాకుల దుకాణంలో ఆర్మరర్‌ని. అంటే తుపాకులు విప్పి, శుభ్రం చేసి, బాగుచేసేవాణ్ణి. మన సైన్యంలో నేర్చిన పనే. దుకాణం మూతపడగానే నా కఫీల్, అంటే నాకు వీసా ఇచ్చిన యజమాని, నన్ను తన ఇంటికి తీసుకెళ్లాడు. ఆయన్ని అందరం బాబా అనేవాళ్లం.

బాబాకు ఒక ఇటలీ కంపెనీ అంటే పిచ్చి. నెత్తిన టోపీ దానిదే, తాళాల గొలుసూ దానిదే. ఆయన తమ్ముడేమో ఒక ఇంగ్లండు కంపెనీ భక్తుడు. వీధి చివర సైనికులు ఎవరింటి ఫ్రిజ్‌నో లారీ ఎక్కిస్తుంటే, అన్నదమ్ములిద్దరూ పెరట్లో నిలబడి, ఇల్లు కాపాడటానికి ఎవరి తుపాకీ మేలని కొట్లాడుకుంటున్నారు. చివరికి చెరో తూటా పేల్చి తేల్చుకుందామన్నారు! ఆ చప్పుడు వింటే మనల్ని బతకనివ్వరు మహానుభావా అని నేను మొత్తుకుంటే, విననీ, ఇది ఎలాంటి తుపాకీయో వాళ్లకూ తెలుస్తుందన్నాడు బాబా.

వంటమనిషి సుబ్బమ్మది రాయచోటి. "అన్నా, మనల్ని సంపేది బయటోళ్లు గాదు, వీళ్లే," అంది తలుపు చాటునుంచి.

అప్పుడే బల్ల మీది తూటాల పెట్టె నా కంటబడింది. అవి ఇరవై బోరువి, పసుపు రంగు. బాబా చేతిలోది పన్నెండు బోరు జంట గొట్టాల తుపాకీ. బోరు అంకె పెరిగేకొద్దీ తూటా సన్నబడుతుంది. పన్నెండు బోరులో ఇరవై బోరు తూటా వేస్తే అది ముందుకు జారి గొట్టంలో ఇరుక్కుంటుంది. దాని వెనక అసలు తూటా పెట్టి పేలిస్తే గొట్టం చీలి చేతులు ఎగిరిపోతాయి. ఇవెందుకు తెచ్చారని అడిగితే, తుపాకీ మీదా పెట్టె మీదా ఒకే కంపెనీ ముద్ర ఉంది కదా అన్నాడు. పొద్దున ఒకటి వేశాడట, ఎటు పోయిందో కనబడలేదట. ఇప్పుడు ఎర్రది, అంటే అసలు పన్నెండు బోరుది, పెట్టబోతున్నాడు.

సంగతంతా విడమరిచి చెప్పాను. ఈ కంపెనీ తుపాకీ చీలదు, ఖలాస్, ఇంక మాటల్లేవు అన్నాడు.

ఇక లాభం లేదని, "బాబా, మీ కంపెనీ పెద్ద మేస్త్రీ గొట్టంలోంచి ఆకాశం చూడందే తూటా పెట్టడట," అన్నాను.

వెంటనే తుపాకీ మడత తెరిచి, పైకెత్తి, కన్ను పెట్టాడు. ఒక గొట్టంలో ఆకాశం ఉంది. రెండోదాంట్లో చీకటి. మూతి వైపునుంచి కర్రతో మెల్లగా నెడితే పసుపు తూటా నా అరచేతిలో పడింది. బాబా తుపాకీని బల్ల మీద పెట్టేశాడు. తమ్ముడు మాత్రం, మా కంపెనీ మేస్త్రీ కూడా చూస్తాడా అని అడిగాడు. చూస్తాడన్నాను.

ఆ సాయంత్రమే రెండు తుపాకులనూ గోనెల్లో చుట్టి కోళ్లగూడు కింద పాతిపెట్టాం. ఎవరిది పైన ఉండాలని మళ్లీ తగువు.

తుపాకీని ముద్ర చూసి నమ్మకూడదు, గొట్టంలోంచి ఆకాశం చూసి నమ్మాలి. ముద్రనే నమ్మే యజమాని దొరికితే, ఆకాశం చూడమని ఆ ముద్ర చేతే చెప్పించాలి. ఆ ఇటలీ మేస్త్రీ అసలు ఉన్నాడో లేడో నాకిప్పటికీ తెలియదు.