మాదాపూర్ బావి దారి గోడ మీద నేను వేసిన తారీఖు

ఆరేళ్లుగా ఒక మాట నా గొంతు దాటలేదు. డైరీలో కూడా ఆ రోజు పేజీ ఖాళీగానే వదిలేశాను. ఎవరికో ఒకరికి చెప్పకపోతే ఇక మోయలేను. అందుకే అదే పేజీలో, ఎప్పుడో ఇది చదివే మీకు చెబుతున్నాను.

మశూచి టీకాలు ఇంకా వేస్తున్న రోజులు. నాకు పంతొమ్మిదేళ్లు. నాన్నగారి బదిలీతో గుంటూరు నుంచి హైదరాబాదు వచ్చాక, ఒక శానిటరీ ఇన్‌స్పెక్టర్ గారి కింద చిన్న ఉద్యోగం దొరికింది. వారానికోసారి మాదాపూర్ వెళ్లి, ఊరి బావిలో బ్లీచింగ్ పౌడర్ కలిపి, బావికి వెళ్లే దారి పక్క గోడ మీద ఎర్రటి జాజుతో ఆ రోజు తారీఖు వేయాలి. ఇన్‌స్పెక్టర్ గారు వచ్చినప్పుడు చూసేది ఆ తారీఖునే.

ఆ రోజు బావి దగ్గర ఆడవాళ్లు బట్టలు ఉతుకుతున్నారు. నన్ను చూడగానే ఒకామె, "వచ్చిందే మందు పిల్ల! గా కంపు నీళ్లతోని పప్పన్న ఉడకదు. రేపు నీ మొగనికి గిట్లనే వండి పెడ్తవా ఏంది?" అంది. అందరూ నవ్వారు. నా చెవులు వేడెక్కాయి. మందు వేశాక గంటసేపు నీళ్లు తోడొద్దని వాళ్లకు చెప్పాలి. చెప్పలేకపోయాను. బండల చాటున కూర్చుని, సంచిలోని నవల తీసి చదువుకుంటూ, వాళ్లు ఎప్పుడు వెళతారా అని చూశాను. వెళ్లలేదు. బస్సు వేళయింది. పౌడర్ తుప్పల్లో కుమ్మరించి, వాళ్లకు కనబడకుండా గోడ మీద తారీఖు వేసి వచ్చేశాను. తాము వెళ్లాక మందు పడిందనే వాళ్లు అనుకుని ఉంటారు.

సిగ్గు అని దానికి చాలాకాలం పేరు పెట్టుకున్నాను. సిగ్గుపడే మనిషి అబద్ధాన్ని అంత గుండ్రటి అంకెలతో రాస్తుందా?

నాలుగు రోజులకు ఊళ్లో వాంతులు, విరేచనాలు. ఒక బాలింత చనిపోయింది. ఇన్‌స్పెక్టర్ గారు గోడ చూసి, "బావికి మందు పడింది. తిండిలోనే ఏదో తేడా" అన్నారు. ఊరంతా గుగ్గిళ్లమ్మే మల్లమ్మ మీద పడింది. ఆమె గంప లాక్కుని బోర్లించారు. ఆమె నన్ను వెతుక్కుంటూ వచ్చింది.

"బిడ్డా, నేను గా బావి నీళ్లతోనే ఉడకబెట్టిన. నిజంగ మందు ఏసినవా? ఏయకుంటే జర సార్‌కు జెప్పు."

"వేశానండీ" అన్నాను, నేల చూస్తూ.

ఆమె తన అరచేతులు తిప్పి చూసుకుంది. "గట్లనా. అయితే నా చేతులల్లనే ఏదో ఉన్నట్టుంది" అని వెళ్లిపోయింది.

నన్ను నమ్మింది.

మర్నాడు తెల్లవారగానే వెళ్లి బావిలో మందు కలిపాను. తప్పు దిద్దుకుంటున్నాననుకున్నాను. వారంలో రోగం తగ్గింది. "మల్లమ్మ గంప దించింది, రోగం పోయింది, సూస్తిరా!" అన్నారు ఊళ్లో. దిద్దుబాటు అనుకున్నది కూడా ఆమె మీదే సాక్ష్యంగా తిరిగింది. అప్పుడైనా నోరు విప్పి ఉండవచ్చు. విప్పలేదు. ఆమె ఇల్లు వదిలి చందానగర్ వైపు వెళ్లిందని విన్నాను. వెతకాలని రెండుసార్లు బయలుదేరి, సగం దారిలోనే తిరిగి వచ్చాను.

ఆ బాలింతను చంపింది ఆ నీళ్లేనా? ఎవరూ పరీక్షించలేదు. పరీక్షించే అవసరమే లేకుండా చేసింది నేను.

ఆ రోజు నేను మందు వేయలేదు. మల్లమ్మ తప్పేమీ లేదు. ఈ మాట వినవలసింది ఆమె, విన్నది మీరు. ఇది చాలదని తెలుసు. అయినా రాసేశాను. ఇక ఆ పేజీ ఖాళీగా లేదు.