ఎడిటర్ గారింట్లో హమ్

1993లో నా షాపు జూబ్లీహిల్స్ చెక్‌పోస్టుకు కాస్త కింద, ఒక ఫర్నిచర్ దుకాణం మేడ మీద ఉండేది. స్పీకర్లు, యాంప్లిఫయర్లు, టర్న్‌టేబుళ్ళు అమ్మేవాణ్ణి. టర్న్‌టేబుల్ అంటే రికార్డు తిప్పే యంత్రం. దాంట్లోంచి వచ్చే సన్నటి సంకేతాన్ని స్పీకరు మోగేంత పెంచేది యాంప్లిఫయర్. సినిమావాళ్ళు మద్రాసు నుంచి వచ్చి ఫిల్మ్ నగర్‌లో ఇళ్ళు కట్టుకుంటున్న రోజులవి. ఒక ఇంట్లో సెట్టు బాగా మోగితే వారం తిరక్కుండా పక్క వీధి నుంచి ఫోను వచ్చేది. బాగా మోగకపోతే ఆ కబురు ఇంకా ముందే చేరేది.

వెంకటరత్నం గారు ఫిల్మ్ ఎడిటర్. సొంతూరు తెనాలి దగ్గర, పని చేసిందంతా మద్రాసులో. ఫిల్మ్ నగర్‌లో బండ మీద కొత్తగా ఇల్లు కట్టుకుని, నాదస్వరం రికార్డుల పెట్టెతో సహా దిగారు. రోజూ ఉదయం ఆరు నుంచి ఎనిమిదింటి దాకా రికార్డులు విని, ఆ తర్వాతే ఎడిటింగ్ రూముకు వెళ్ళేవారు. సెట్టు బిగించిన పదో రోజున ఫోను చేశారు.

"ఏవయ్యా మురళీ, నాకు సెట్టు అమ్మావా, కందిరీగల తుట్టె అమ్మావా? నాదస్వరం కింద ఒకటే గుయ్యిమంటోంది."

మా వృత్తిలో దాన్ని హమ్ అంటాం. ఇంటి కరెంటు ఎక్కడో పాటలోకి దూరితే వచ్చే మోత అది. ఆ మధ్యాహ్నమే వెళ్ళాను. ఆయన పనిలో ఉన్నారు. భార్య సుభద్రమ్మ గారు కాఫీ ఇచ్చారు. గంటసేపు విన్నాను, ఏ మోతా లేదు. మర్నాడు మళ్ళీ ఫోను. వైర్లు మార్చాను. మళ్ళీ ఫోను. యాంప్లిఫయరే మార్చాను. మూడుసార్లు వెళ్ళాను, మూడుసార్లూ మధ్యాహ్నమే, మూడుసార్లూ నిశ్శబ్దమే. ఆయన చెవుల మీద నాకు అనుమానం మొదలైంది. నా నిజాయితీ మీద ఆయనకు అప్పటికే మొదలైంది.

"పాతికేళ్ళు సౌండు వింటూ ఫిల్మ్ కోశాను. నా చెవులకు వంక పెట్టకు. రేపు పొద్దున్నే వచ్చి వింటావా, సామాను మోసుకుపోతావా?" అన్నారు.

మర్నాడు ఆరున్నరకల్లా అక్కడున్నాను. నిజమే, హమ్ గది నిండా ఉంది. నాకు సిగ్గేసింది. ఆ సిగ్గుతోనే జేబులోంచి కట్టర్ తీశాను.

దీనికి మాకొక అడ్డదారి ఉండేది. ప్లగ్గులో మూడో వైరు, పచ్చది, ఎర్త్. యంత్రం ఇనుప ఒంటికి కరెంటు తగిలితే మనిషికి తగలకుండా నేలలోకి తీసుకుపోవడం దాని పని. దాన్ని కత్తిరిస్తే చాలాసార్లు హమ్ పోతుంది. తప్పని తెలుసు. అందరూ చేసేవాళ్ళు, నేనూ కొన్ని ఇళ్ళలో చేశాను. యాంప్లిఫయర్ ప్లగ్గు పీకి, విప్పి, పచ్చ వైరుకు కట్టర్ ఆనించాను.

ప్లగ్గు పీకగానే మోత ఆగింది కదా. ఆ ఇంట్లో పనిచేసే యాదమ్మ వెనక గుమ్మంలోంచి తొంగిచూసింది. రోజూ రహమత్ నగర్ నుంచి నడిచి వచ్చే మనిషి.

"బంద్ జేసిన్రా సార్? ఇగ నేను నల్లా ఇప్పుకోవచ్చా?"

"కుళాయికీ దీనికీ ఏం సంబంధమమ్మా?"

"గీ పెట్టె మొత్తుకునేటప్పుడు నల్లా ముట్టుకుంటే చెయ్యి గుంజుతది సార్. అయ్యగారు పోయి, సప్పుడు ఆగినంకనే బట్టలు పిండుత. ఇయ్యాల జల్ది ఆగింది." అంటూ వెనక్కి తిరిగింది.

ఆగింది నా పెట్టె ఒక్కటే. నల్లాలో ఉన్నది నల్లాలోనే ఉంది.

"ఆగు యాదమ్మా! ముట్టకు!" అని అరుస్తూ పరిగెత్తాను. పెరటి కుళాయికి చెయ్యి చాపి ఉంది, తడి నేల మీద వట్టి కాళ్ళతో. నా కేకకు జడుసుకుని చెయ్యి వెనక్కి తీసుకుంది. టెస్టర్ నల్లాకు ఆనిస్తే దాని బుల్లి బల్బు ఎర్రగా వెలిగింది. వంటింటి కుళాయికి ఆనించినా వెలిగింది. వెంకటరత్నం గారే వెళ్ళి మెయిన్ ఆపేశారు.

వెతికితే దొరికింది. మద్రాసు నుంచి తెచ్చిన పాత గీజరు లోపల చెడి, కరెంటు దాని ఒంటికి పాకుతోంది. స్నానాల కోసం ఉదయం రెండు గంటలే వేసేవాళ్ళు, అందుకే మధ్యాహ్నం హమ్ లేదు. ఆ కరెంటును నేలలోకి దింపాల్సిన ఎర్త్ పైపును పెరట్లో పట్టి లాగితే జానెడు ముక్క చేతికొచ్చింది. కింద అంతా బండ. తవ్వలేక సందులో గుచ్చి సిమెంటు పూసేశారు. దిగే దారి లేక ఆ కరెంటు నీళ్ళ పైపుల వెంట కుళాయిలకూ, ఎర్త్ వైరు వెంట నా యాంప్లిఫయరుకూ ఎక్కింది.

సుభద్రమ్మ గారు మెట్టు మీద కూలబడ్డారు. "నువ్వు చెప్తే తిమ్మిరన్నాను కదే."

"నెల సంది చెప్తున్నమ్మా," అంది యాదమ్మ. గొంతులో కోపం లేదు. అదే సుభద్రమ్మ గారిని ఎక్కువ బాధపెట్టినట్టుంది.

ఎడిటర్ గారు నా చేతివైపు చూశారు. "ఆ కట్టర్ ఎందుకు?"

దాచకుండా చెప్పాను.

"అది కోసేసుంటే నాకు మోత వినిపించేది కాదు."

"వినిపించేది కాదండీ."

"యాదమ్మకూ వినిపించేది కాదు."

కట్టర్ జేబులో పెట్టుకుని, విప్పిన ప్లగ్గు బిగించడానికి లోపలికి వెళ్ళాను.

గేటు పక్కన మట్టి ఉన్న చోట ఎలక్ట్రీషియన్ చేత కొత్త ఎర్త్ కోసం లోతుగా గొయ్యి తీయించి, రాగిరేకు దించి, బొగ్గూ ఉప్పూ పోయించాం. కొత్త గీజరు వచ్చింది. ఆ తర్వాత సెట్టు నాదస్వరం తప్ప ఇంకేమీ పలకలేదు. యాదమ్మ మాత్రం చాలా రోజులు నల్లాను ముందు వేలి వెనకతో తాకి, ఆ తర్వాతే తిప్పేదట.

హమ్‌ను ఆపడం కాదు, అది ఎక్కణ్ణుంచి వస్తోందో కనుక్కోవడం నా పని అని అప్పుడు తెలిసింది. ఏ ఇంటికెళ్ళినా యజమానితో పాటు ఇంట్లో పనిచేసేవాళ్ళనూ అడగడం అలవాటు చేసుకున్నాను. అంతకుముందు నేను పచ్చ వైరు కోసిన ఇళ్ళు నాలుగు గుర్తున్నాయి. వారంలో నాలుగింటికీ వెళ్ళి మళ్ళీ కలిపాను. మూడు ఇళ్ళలో ఏమీ కాలేదు. నాలుగో ఇంట్లో హమ్ తిరిగొచ్చింది, అదీ గీజరు వేసినప్పుడే. ఎర్త్ సరిచేయించండి, అందాకా ఇలాగే ఉంచండి అన్నాను. ఆ ఇంటి యజమాని, ఒక నిర్మాత, వినలేదు. వేరే డీలరును పిలిపించి వైరు కోయించుకున్నారు. ఆ సంగతి తెలిసిన రోజు మళ్ళీ వెళ్ళాను. ఈసారి హాల్లోకి కాదు, వెనక గుమ్మానికి. వంటావిడను పిలిచి, గీజరు వేసి ఉన్నప్పుడు కుళాయి ముట్టుకోవద్దని చెప్పి వచ్చాను.