స్థూపానికి ముఖం

లెక్కల టీచర్లలో చాలామంది బడి గేటు దాటగానే మామూలు మనుషులవుతారు. నాకది చేతకాలేదు. పెళ్ళి విందులో పక్కన కూర్చున్నామె లడ్డు చూసి "ఎంత గుండ్రంగా చుట్టారో" అంటే, గుండ్రం కాదండీ, గోళాకారం అంటాను. ఆమె మళ్ళీ నాతో మాట్లాడదు. చండ్రుగొండ దగ్గరి హైస్కూల్లో పిల్లల పేపర్లు దిద్దీ దిద్దీ వచ్చిన జబ్బు అని మా స్టాఫ్ రూములో అనుకుంటారు. కాదు, ఇది నాకు ఆరో తరగతిలోనే పట్టుకుంది. నేను మొట్టమొదట దిద్దింది మా నాయినను. చివరికి ఆయన నా నోటి నుంచి వినాలని ఆశపడ్డ ఒక్క మాట నన్ను అననివ్వకుండా ఆయనను పంపించింది కూడా ఆ జబ్బే.

నాయిన సుతారి మేస్త్రి. ఇళ్ళూ ప్రహరీ గోడలూ కట్టేవాడు కానీ ఆయనకు పేరొచ్చింది స్థూపాలతో. మా వైపు సంఘంలో తిరిగిన మనిషో, బొగ్గుబాయి ప్రమాదంలో పోయిన కార్మికుడో, పదిమంది మంచిచెడ్డలు చూసిన పెద్దో చనిపోతే, కూడలిలోనో చేను గట్టు మీదో స్థూపం కడతారు. కింద మూడు మెట్ల గద్దె. దాని మీద నాలుగు పలకల స్తంభం, పైకి పోనుపోను సన్నబడుతుంది. దారి వైపున్న పలక మీద పేరు. మణుగూరు కాలనీల నుంచి సారపాక దాకా ఆయన చేతి స్థూపాలు ఎన్ని ఉన్నాయో ఆయనకే తెలియదు. బస్సులో పోతుంటే కిటికీలోంచి వేలు పెట్టి చూపించేవాడు. "గదుగో బిడ్డా, అది మనదే. ఇరవై ఏండ్లయినా ఒక్క పగులు లేదు చూడు" అనేవాడు. నేను లెక్కపెట్టుకునేదాన్ని.

ఆరో తరగతిలో ఘనాకృతుల పాఠం చెప్పిన వారమంతా నేను మలేరియాతో మంచంలో ఉన్నాను. పరీక్షలో స్థూపం ధర్మాలు రాసి బొమ్మ గీయమన్నారు. నేనేమీ భయపడలేదు. స్థూపం గురించి నాకు తెలియనిదేముంది? "స్థూపమునకు నాలుగు పలకలుండును. పైకి పోను సన్నగా ఉండును. ముందరి ముఖము మీద చనిపోయిన వారి పేరు వ్రాయుదురు. వర్ధంతి నాడు దండలు వేయుదురు" అని రాశాను. మెట్లతో సహా బొమ్మ గీసి, మెట్ల మీద ఒక దండ కూడా పెట్టాను.

సార్ ఆ పేపరు క్లాసులో చదివి వినిపించారు. దండ దగ్గరికి వచ్చేసరికి వెనక బెంచీలవాళ్ళు పడిపడి నవ్వారు. సార్ నీళ్ళ పైపు ముక్క ఒకటి పైకెత్తి పట్టుకుని, "ఇది స్థూపం, అంటే సిలిండర్. నువ్వు గీసింది సమాధి" అన్నారు. ఆ ఏడాదంతా క్లాసులో నా పేరు 'దండ' అయిపోయింది. పిలిస్తే పలకక తప్పేది కాదు.

ఇంటికి వచ్చేసరికి నాయిన తొట్టి దగ్గర తాపీ కడుగుతున్నాడు. పుస్తకాల సంచి విసిరేసి, "నువ్వు కట్టేటివి స్థూపాలే కాదంట. అన్ని తప్పేనంట" అని అరిచాను.

ఆయన తాపీ పక్కన పెట్టాడు. "మరి స్థూపమంటే ఏందంట?"

"గుండ్రంగ ఉంటది. కింద ఒక ముఖం, పైన ఒక ముఖం. చుట్టూ ముఖముండది, వంపే ఉంటది. మూలలు గిట్ల ఏముండయ్."

ఆయన తడి చేతులు తుడుచుకున్నాడు. "చుట్టూ ముఖం లేకుంటే పేరు ఏడ రాస్తరు బిడ్డా?"

"లెక్కల్ల పేర్లు రాయరు!" అన్నాను ఏడుపు ఆపుకుంటూ. అమ్మ లోపలి నుంచి ఏమైందని అడిగింది. నాయిన నవ్వలేదు, కసరలేదు.

ఆ రోజు నుంచి నా ముందు ఆయన స్థూపం అన్న మాట వాడలేదు. దిమ్మె అనేవాడు. బయట మనుషులతో స్థూపం అనే మాట్లాడుతూ, నేను గుమ్మంలోకి రాగానే, "ఆ దిమ్మె ఉన్నది చూడు" అని మార్చేవాడు. బస్సు కిటికీలోంచి చూపించడం కూడా మానేశాడు. నేను దాన్ని నా గెలుపు అనుకున్నాను. పైగా టీచరునయ్యాక ఏటా ఎవరో ఒక పిల్లో పిల్లగాడో నాలాగే నాలుగు పలకల బొమ్మ గీసేవారు. ఎర్ర పెన్నుతో అడ్డంగా కొట్టేసి, పైపు ముక్క చూపించేదాన్ని.

పోయిన ఏడాది అమ్మ భద్రాచలం దవాఖానాలో జ్వరంతో పోయింది. మా మిరప చేను గట్టు మీద పూడ్చిపెట్టాం. అప్పటికే నాయిన పని మానేసి నాలుగేళ్ళు. జీవితమంతా మింగిన సిమెంటు దుమ్ముకు పది అడుగులు వేస్తే ఆయాసం వచ్చేది. అయినా ఎండాకాలం సెలవులు రాగానే, "వానలు పడకముందే మీ అమ్మది కట్టాలె. వేరేవాళ్ళు చెయ్యి పెట్టొద్దు. నువ్వు దారం పట్టుకో, చాలు" అన్నాడు. ఇటుకలూ ఇసుకా చేనుకు తోలించాను.

మొదటి రోజు పొద్దున్నే ఆయన చేసిన పని చూసి నేను ఆగిపోయాను. నడిమధ్యలో ఇనుప చువ్వ దిగ్గొట్టి, దానికి దారం ముడివేసి, దారం కొసన మేకు పెట్టి నేల మీద చుట్టూ గీత గీశాడు.

"ఇదేంది నాయినా?"

"నీ పుస్తకంలది. ఇన్నేండ్లు జనానికి తప్పుడువి కట్టిన. మీ అమ్మకైనా సరైంది కడ్త."

అప్పుడే ఆయన చేతిలోంచి దారం లాక్కుని వద్దనాల్సింది. నిజం చెబుతున్నాను, నాకు సంతోషం వేసింది. ముప్పై ఏళ్ళ తర్వాత నాయిన పరీక్ష పాసైనట్టు అనిపించింది. టేపు తీసుకుని వ్యాసార్ధం నాలుగు చోట్ల కొలిచి, ఇక్కడ అంగుళం ఎక్కువైంది అని చెప్పాను.

గుండ్రంగా కట్టడం ఆయనకు రాదు. వంకర ఉందో లేదో చూడటానికి తూకం గుండు మూలల దగ్గరే వేలాడదీస్తారు. ఇక్కడ మూలే లేదు. ఏ పక్క వేసినా ఇంకో పక్క తప్పుతోంది. మూలమట్టం సంచిలోంచి బయటికే రాలేదు. ఇటుకల వెలుపలి సందులు నోళ్ళు తెరుస్తుంటే వాటిలో సిమెంటు కూరి, కళ్ళు చికిలించి చూసి, నచ్చక మళ్ళీ ఊడదీసేవాడు. రెండుసార్లు మొత్తం విప్పాడు. ఒక్కో వరుసకు ఒకసారి గట్టు మీద కూర్చుని ఊపిరి కోసం తన్నుకునేవాడు. నేను నీళ్ళు ఇచ్చేదాన్ని, టేపు పెట్టేదాన్ని.

మోకాలెత్తు లేచిన రోజు, తాపీ చేతిలోనే ఉంచుకుని, నా వైపు చూడకుండా అడిగాడు.

"బిడ్డా, ఒకటి చెప్పు. నేను కట్టినయన్ని స్థూపాలేనా, కాదా?"

ఆయనకు కావలసింది పాఠం కాదు. ఆ గొంతు వింటే ఎవరికైనా తెలుస్తుంది. ఏటా ఎనిమిదో తరగతికి నేనే చెబుతాను: చతురస్రం దీర్ఘచతురస్రం కూడా, రాంబస్ కూడా, సమాంతర చతుర్భుజం కూడా, ఏ పేరుతో పిలిచినా తప్పు లేదు అని. ఒక గీతల బొమ్మకు నాలుగు పేర్లు ఒప్పుకున్నదాన్ని, ఒక పేరుకు రెండు ఆకారాలు ఒప్పుకోలేకపోయాను.

"వాడుకలో అంటరు నాయినా. లెక్కల ప్రకారమైతే కాదు" అన్నాను.

"అవ్ లే" అన్నాడు. వంగి సిమెంటు మాలు కలుపుకున్నాడు.

ఆ సాయంత్రం పైన చదునుగా పూత పూసి, "ఇంక నాతోని లేవది. ఇంతే ఉండనీ" అన్నాడు. జేబులోంచి మేకు తీసి నా చేతికిచ్చాడు. "పైన ఒక ముఖం ఉంటదంటివి గద. అమ్మ పేరు ఆడ రాయి." ఆయన మరిచిపోలేదు. నేను మోకాళ్ళ మీద కూర్చుని, పచ్చి సిమెంటు మీద, నల్లబల్ల మీద రాసినంత గుండ్రంగా అమ్మ పేరు రాశాను. ఆయన వెనక నిలబడి ఒక్కో అక్షరం చూశాడు. మర్నాడు మంచం పట్టాడు. పన్నెండో రోజు పొద్దున పోయాడు. ఆ పన్నెండు రోజులూ మంచం పక్కనే ఉన్నాను. మందుల గురించి మాట్లాడాను, తిండి గురించి మాట్లాడాను.

అమ్మ పక్కనే ఆయనను పెట్టాం. తునికాకు మోపులతో అడవి నుంచి వచ్చే ఆడవాళ్ళు ఆ తోవనే పోతారు. అమ్మ పేరు పైకి చూస్తూ ఉంటుంది కాబట్టి నడిచేవాళ్ళకు కనపడదు. ఒక రోజు నేను వెళ్ళేసరికి ఒక ముసలామె దాని మీద కూర్చుని మోపు దించుకుంటోంది. "ఎవరేసిన్రో గాని ఈ దిమ్మె, నడుం వాల్చనీకె మంచిగున్నది" అంది. నా పుస్తకంలోని స్థూపాన్ని ఆమె దిమ్మె అంది. నేను దిద్దలేదు. అమ్మ పేరు ఆమె చీర కింద ఉందని కూడా చెప్పలేదు. చేను అవతలికి పోయి ఏడ్చాను.

వానాకాలం పోయాక నాయినది కట్టించడానికి, ఆయనతో కలిసి చాలా ఏళ్ళు పనిచేసిన మేస్త్రిని పిలిచాను. ఆయన అమ్మదాని చుట్టూ ఒకసారి తిరిగి, సందుల్లో కూరిన సిమెంటును గోటితో గీకి చూశాడు.

"గిట్ల గుండ్రంగనే కట్టాల్నా అమ్మా?"

"వద్దు, అన్నా. నాలుగు పలకలది. మెట్లు పెట్టు. పేరు తోవ దిక్కు రావాలె."

"అంటే స్థూపమే గద."

"అవ్, స్థూపమే" అన్నాను. అక్కడితో ఆగలేకపోయాను. "మా నాయిన కట్టినయన్ని స్థూపాలే, అన్నా. ఒక్కటి కూడా తప్పు లేదు."

దారం విప్పుతున్నవాడు తలెత్తి నన్ను వింతగా చూశాడు. "గది మాకు తెల్వదా అమ్మా?" అన్నాడు.