అక్క చేతికి పానా

నా చిన్నప్పుడు మా కాలనీ మొత్తం మీద ఇంజనీరింగులో చేరింది పక్కింటి అక్క ఒక్కతే. మాది ఉరవకొండ దగ్గర పల్లె. అందరం శెనక్కాయ చేలల్లో కూలికి పోయేవాళ్ళమే. అక్కకు సీటు వచ్చిన వారం చర్చిలో పాస్టరుగారు ప్రార్థన చేశారు. పెద్దవాళ్ళందరూ నెత్తిన చెయ్యి పెట్టి బాగా చదువుకోమన్నారు. అంతకు మించి ఏం చేయాలో మాకెవరికీ తెలియదు.

మొదటి ఏడాది సగం కాకముందే అక్క పెట్టె తీసుకుని ఇంటికొచ్చేసింది. ఇక పోనంది. హాస్టల్లో తిండి సరిగా లేదా, ఇంగ్లీషు అర్థం కావడం లేదా అని వాళ్ళ నాయన ఎంత అడిగినా నోరు విప్పలేదు.

ఆ వారంలోనే మా బోరింగు ఆగిపోయింది. ఊళ్ళో బావి ఉండేది కానీ మేం దాన్ని ముట్టుకోకూడదు. ఎవరైనా తోడి పోసేదాకా దూరంగా నిలబడాలి. అందుకని ఉరవకొండ నుంచి మెకానిక్కు వచ్చేసరికి ఆడవాళ్ళంతా ఖాళీ బిందెలతో బోరింగు చుట్టూ చేరారు. వాళ్ళలో ఎవరో సరదాగా అన్నారు.

"ఏమప్పా, మన ఇంజనీరు ఈడనే ఉండాది కదా, ఆయమ్మతోనే చేపిచ్చండి."

అందరూ నవ్వారు. అక్క ఏడ్చేసింది. అప్పుడు బయటపడింది సంగతి.

"నాకు రాదు. కాలేజీలో నలుగురికి ఒక మిషను ఇస్తారు. నేను చెయ్యి పెడితే చెడగొడతానంట. వాళ్ళు చేస్తారు, నన్ను రికార్డు రాయమంటారు. సారు చూసి కూడా ఏమీ అనడు."

మెకానిక్కు మంచి మనిషి. అక్క ఏడుపు చూడలేక, "పోనీలేమ్మా, నేను చేస్తా, నువ్వు చూస్తా ఉండు" అన్నాడు. అక్క వాళ్ళమ్మకు ఆ మాటతో ఒళ్ళు మండిపోయింది.

"ఆడా చూసేదే, ఈడా చూసేదేనా?" అంటూ ఆయన దగ్గరున్న పానా లాక్కుని కూతురి చేతిలో పెట్టింది. "నువ్వు నోటితో చెప్పన్నా. చెయ్యి మాత్రం పెట్టొద్దు."

మగవాళ్ళు పైపులు పైకి లాగిపెట్టారు. బోల్టులు ఊడదీయడం, అరిగిపోయిన తోలు వాషరు తీసి కొత్తది వేయడం అంతా అక్కే చేసింది. మళ్ళీ అన్నీ దించి హ్యాండిలు కొడితే గాలి చప్పుడు తప్ప చుక్క నీరు రాలేదు. వాషరు తలకిందులుగా వేసింది. ఎండ నడినెత్తికి వచ్చింది. తిట్లు మొదలయ్యాయి. అందరికంటే గట్టిగా అరిచింది మా అమ్మే.

"బిడ్డలు గొంతెండి సస్తాండారు. నీ కూతురి సదువు కోసరం మేమంతా ఎండాలనా?"

"ఎండండి" అంది అక్క వాళ్ళమ్మ. "ఈ పొద్దు దీని చేతిలోంచి లాక్కుంటే, ఇది ఇంక యాడా చెయ్యి పెట్టదు."

మా అమ్మ తిట్టుకుంటూనే వెళ్ళి పైపు పట్టుకుంది. రెండోసారి నీళ్ళు పడ్డాయి, మొదట ఎర్రటి బురద, తర్వాత తేటగా. ఎవరూ అక్కను మెచ్చుకోలేదు. బిందెల కోసం తోసుకున్నారు.

అక్క తిరిగి కాలేజీకి పోయింది. అక్కడేమీ మారలేదు. ఈసారి నేను చేస్తాను, మీరు రాయండి అన్నందుకు జట్టులోంచి తీసేయమని మిగతా ముగ్గురూ సారుకు చెప్పారట. ఆయన ఆమెను మూలనున్న పాత మిషను మీదికి పంపాడు. ఆ ఏడాది వర్క్‌షాపు పరీక్ష తప్పింది. మళ్ళీ రాసింది. చివరికి చదువు ముగించి, కరెంటు ఆఫీసులో ఇంజనీరుగానే రిటైరయింది.

ఆమె వెనకాలే నేనూ చదివి, ఇంజనీరింగు కాలేజీలో చాలా ఏళ్ళు పాఠం చెప్పాను. మాలాంటి ఇళ్ళ పిల్లల కోసమని కాలేజీవాళ్ళు పుస్తకాలు పంచారు, ఉపన్యాసాలు పెట్టించారు, ఫోటోలు దిగారు. ల్యాబులోకి వెళితే మాత్రం కాలనీ పిల్లో, తండా పిల్లవాడో, బురఖా వేసుకున్న అమ్మాయో పెన్ను పట్టుకుని పక్కన నిలబడే ఉంటారు. వాళ్ళ చేత ఎందుకు చేయించరని మీటింగుల్లో అడిగితే, టైం చాలదు మేడం అనేవాళ్ళు తోటి లెక్చరర్లు. అడిగి అడిగి నాకు నోరు నొప్పి పుట్టింది, వాళ్ళకు నేనంటే విసుగు పుట్టింది.

రిటైరయ్యాక కూడా ప్రాక్టికల్ పరీక్షలకు నన్ను పిలుస్తుంటారు. మొన్న ఒక కాలేజీలో ఒక జట్టు రికార్డులు తిరగేస్తే నాలుగింటిలోనూ ఒకటే చేతిరాత. రాసింది కదిరి వైపు తండా నుంచి వచ్చిన అమ్మాయి. మీటరుకు వైర్లు ఎలా కలపాలో ఆమెకు తెలియదు. ఎప్పుడైనా కలపనిచ్చారా అని అడిగితే లేదంది.

జట్టులో మిగిలినవాళ్ళను బయట కూర్చోబెట్టాను. ఏది ఎక్కడ కలపాలో నోటితో చెప్పాను. ఆమె తప్పు కలిపింది, తీసింది, మళ్ళీ కలిపింది. ఆనాడు బోరింగు దగ్గర అక్క వాళ్ళమ్మలో చూసిన మొండితనమే నాకు అంటుకుంది. అది కోపంలో పుట్టిన మొండితనం. ఇన్నేళ్ళయినా చల్లారలేదు, చల్లారే రోజు వస్తుందని ఆశా లేదు.

"ఆలస్యమవుతోంది మేడం" అన్నాడు పక్కనున్న లెక్చరరు, గడియారం చూసుకుంటూ.

"ఆలస్యమైతే కానీండి" అన్నాను.